కడుపులో దాగిన లింఫోమా

మెడలో బిళ్ల కనిపిస్తుంది. పేగులో పుండు కనిపించదు. చికిత్స మొదలుకాకముందే దాన్ని కనిపెట్టవలసిన అవసరమేమిటి? కనిపెట్టే మార్గమేమిటి?

బిలాస్‌పూర్ జంక్షన్‌లో కట్నీ వైపు పోయే రైలెక్కితే, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కర్గీ రోడ్ స్టేషన్ వస్తుంది. కర్గీ రోడ్ అన్నది స్టేషన్ పేరు మాత్రమే. ఊరి పేరు కోటా. అచానక్‌మార్ అడవి పల్లెల నుంచి బయటి ప్రపంచానికి వచ్చేవారిలో అనేకులకు ఇదే ద్వారం. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ మార్గం పరిచితమే. ఇదే దారిలో ఇంకా ముందుకు పోతే పెండ్రా రోడ్. క్షయకు మందులు లేని కాలంలో, మంచి గాలి తగిలితే జబ్బు తగ్గుతుందన్న ఆశతో రోగులు వచ్చి చేరిన శానిటోరియం అక్కడ ఉండేది.

కర్గీ రోడ్‌లో రైలెక్కుతున్న ఒక రోగిని ఊహించుకుందాం. వయస్సు 40 దాటింది. మూడు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తున్నది. రాత్రివేళ పక్క తడిసేటంత చెమట పడుతున్నది. చొక్కా వదులయింది. మెడలో రెండు బిళ్లలు చేతికి తగులుతున్నాయి. అన్నం తిన్న కొంతసేపటికి బొడ్డు చుట్టూ నొప్పి వస్తున్నది. ఈ కథ విన్న వైద్యునికి ముందుగా తోచేది క్షయ. ఆ ఆలోచన తప్పు కాదు. మన దేశంలో క్షయ అంత విస్తారంగా ఉన్నది. అది ఊపిరితిత్తులకే పరిమితం కాదు. మెడ బిళ్లలకూ, పేగులకూ కూడా సోకుతుంది.

కాని ఈ లక్షణాలలో ప్రతి ఒక్కటీ లింఫోమా అనే మరొక వ్యాధికి కూడా చెందుతుంది. మెడలోని బిళ్ల లింఫోమా అని తేలిన తర్వాత కూడా మరొక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ కడుపునొప్పి మాటేమిటి? వ్యాధి పేగుల్లోకి కూడా ప్రవేశించిందా? ఈ ప్రశ్నను చికిత్సకు ముందే వేయడం, వేయకపోవడం మీద ఒక్కొక్కసారి రోగి ప్రాణమే ఆధారపడి ఉంటుంది.

పాత పొరపాటు

లింఫోమా అంటే లింఫ్ కణాలకు వచ్చే క్యాన్సర్. లింఫ్ కణాలు శరీరానికి కాపలాదారులు. మెడలో, చంకల్లో, గజ్జల్లో చిక్కుడు గింజల వలె ఉండే లింఫ్ గ్రంథులు వాటి ఠాణాలు. ఈ గ్రంథులు, ప్లీహం కలిసి పెరిగే ఒక వింత వ్యాధిని 1832లో లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించాడు. దానికి ఆయన పేరే స్థిరపడింది. తక్కిన లింఫోమాలన్నిటినీ కలిపి నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలు అంటున్నారు. పేగులకు వచ్చేవి దాదాపు అన్నీ ఈ రెండో వర్గానికి చెందినవే.

క్షయకూ లింఫోమాకూ మధ్య తికమక ఈనాటిది కాదు. హాడ్జ్‌కిన్ వ్యాధిలోని ప్రత్యేక కణాలను 1898లో సూక్ష్మదర్శిని కింద వర్ణించిన కార్ల్ స్టెర్న్‌బెర్గ్ వంటి పండితుడే, ఇది క్షయలో ఒక విచిత్ర రూపమని భావించాడు. 1902లో అమెరికా వైద్యురాలు డొరొతీ రీడ్ ఆ అభిప్రాయాన్ని ఖండించి, ఇది వేరే వ్యాధి అని నిరూపించింది. ఆ కణాలకు నేడు వారిద్దరి పేర్లూ ఉన్నాయి. కంటి ముందు గాజుపలక ఉన్నవానికే అంత పొరపాటు జరిగినప్పుడు, స్టెతస్కోపు మాత్రమే ఉన్న పల్లెటూరి వైద్యునికి అనుమానం రాకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

పేగులనే ఎందుకు పట్టుకుంటుంది?

మనం రోజూ తినే అన్నంతో, తాగే నీటితో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కడుపులోకి పోతాయి. వాటిని ఎదుర్కొనడానికి ప్రకృతి జీర్ణమండలం పొడుగునా లింఫ్ కణాలను పరచింది. శరీరంలో మరెక్కడా ఇంత లింఫ్ కణజాలం లేదు. చిన్నపేగు చివరి భాగంలో అది పొరల అడుగున గుంపులు గుంపులుగా ఉంటుంది. కాపలాదారులు ఎక్కువగా ఉన్నచోట దారి తప్పేవారూ ఎక్కువగా ఉండడం సహజం. లింఫ్ గ్రంథులకు వెలుపల పుట్టే నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలలో 30 నుంచి 40 శాతం జీర్ణమండలానికి చెందినవే. వాటిలో సగానికి పైగా జీర్ణాశయంలోనూ, తరువాత ఎక్కువగా చిన్నపేగులోనూ, తక్కువగా పెద్దపేగులోనూ కనిపిస్తాయి.

ఇక్కడ రెండు సందర్భాలను వేరుగా గుర్తుంచుకోవాలి. వ్యాధి పేగులోనే పుట్టి అక్కడే ఉండడం ఒకటి. గ్రంథుల్లో పుట్టిన వ్యాధి తరువాత పేగుల్లోకి పాకడం మరొకటి. ఈ రెండింటినీ వేరు చేయడానికి 1961లో డాసన్, ఆయన సహచరులు కొన్ని నియమాలు పెట్టారు. చేతికి తగిలే గ్రంథులు ఉండకూడదు; ఎక్స్‌రేలో ఛాతీ మధ్య గ్రంథులు పెరిగి ఉండకూడదు; రక్తంలో తెల్లకణాల లెక్క సరిగా ఉండాలి; పొట్ట కోసి చూసినప్పుడు వ్యాధి పేగులోనే ప్రధానంగా కనిపించాలి; కాలేయం, ప్లీహం శుభ్రంగా ఉండాలి. కడుపులోకి చూడడానికి కత్తి తప్ప మంచి సాధనం లేని కాలపు నియమాలివి. సాధనాలు మారాయి, ప్రశ్న మాత్రం మారలేదు.

నిశ్శబ్దంగా పెరిగే గడ్డ

పేగులో సాధారణ క్యాన్సర్ పెరిగితే దారి మూసుకుపోతుంది. క్షయ సోకితే పుండు మానేటప్పుడు మచ్చ కట్టి, పేగు బిగుసుకొని ఇరుకవుతుంది. అందువల్ల తిన్నది ముందుకు పోక, నొప్పి, వాంతులు, పొట్టలో గుడగుడలు వస్తాయి. లింఫోమా నడవడి తరచుగా ఇందుకు భిన్నంగా ఉంటుంది. అది పేగు గోడలోకి మెత్తగా వ్యాపిస్తుంది, మచ్చ కట్టదు. గోడలోని కండరం బలహీనపడి, గోడ దళసరి అయినా లోపలి దారి ఒక్కొక్కసారి మామూలుకంటె వెడల్పవుతుంది కూడా. కనుక గడ్డ బాగా పెరిగేదాకా పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు. అయితే దీన్ని అచ్చమైన సూత్రంగా తీసుకోరాదు. లింఫోమా కూడా కొందరిలో పేగును మూసివేస్తుంది. స్కానింగ్ బొమ్మలో రెండు వ్యాధులూ ఒకే విధంగా కనిపించే సందర్భాలు ఎన్నో.

అందుచేత లింఫోమా ఉన్న ప్రతి రోగినీ వైద్యుడు కొన్ని ప్రశ్నలు అడగాలి. మలం తారువలె నల్లగా వస్తున్నదా? రక్తం పడుతున్నదా? తిన్న కొద్దిసేపటికే కడుపు నిండినట్లుంటున్నదా? వాంతులు, విడవని నీళ్ళ విరేచనాలు ఉన్నాయా? బొడ్డు దగ్గరో, కుడివైపు కిందనో గడ్డ తగులుతున్నదా? కారణం తెలియని రక్తహీనత ఉన్నదా? మలం రంగు గురించి మన రోగులు తమంత తాము చెప్పరు. సిగ్గు అడ్డం వస్తుంది. అడిగితే తప్ప బయటపడని ఈ ఒక్క మాట, ఖరీదైన యంత్రం చెప్పలేనిది చెప్పగలదు. ఇందుకు విద్యుత్తు అక్కరలేదు. కర్గీ రోడ్‌లోనైనా, బొంబాయిలోనైనా దీని విలువ ఒక్కటే.

ముందే ఎందుకు తెలియాలి?

లింఫోమాకు ఇచ్చే మందులు శరీరమంతటికీ పోతాయి గదా, పేగులో ఉన్న వ్యాధి కూడా వాటితోనే కరిగిపోదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చాలామందిలో కరిగిపోతుంది. ప్రమాదమంతా ఆ కరగడంలోనే ఉన్నది. కొందరిలో పేగు గోడ మందమంతా గడ్డే ఆక్రమించుకొని ఉంటుంది. మందు పడగానే గడ్డ వేగంగా కరిగితే ఆ స్థానంలో గోడ మిగలదు, రంధ్రం పడుతుంది. పేగులోని మలినం పొట్టలోకి చిమ్ముతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు తమ వద్దకు వచ్చిన వెయ్యికి పైగా జీర్ణమండల లింఫోమా రోగుల వివరాలను 2013లో ప్రచురించారు. వారిలో సుమారు 9 శాతం మందికి పేగు లేదా జీర్ణాశయం చిల్లుపడింది. ఆ ప్రమాదాలలో సగానికి పైగా చికిత్స మొదలైన తర్వాత జరిగినవే.

ముందే తెలిస్తే చేయగలిగినవి ఉన్నాయి. మొదటి విడత మందు ఆసుపత్రిలోనే ఉంచి ఇవ్వవచ్చు. శస్త్రవైద్యుని ముందుగా హెచ్చరించి ఉంచవచ్చు. కడుపునొప్పి వస్తే ఏం చేయాలో ఇంటివారికి చెప్పి పంపవచ్చు. మన పెరళ్ళలో పూసే బిళ్లగన్నేరు జాతి నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ ఈ చికిత్సలో ముఖ్యమైన మందు. అది పేగుల కదలికను మందగింపజేసి మలబద్ధం, కడుపుబ్బరం కలిగిస్తుంది. పేగులో వ్యాధి ఉన్నదని తెలియనివారు, చిల్లుపడిన నొప్పిని కూడా ‘మందు వేడి’ అనుకొని ఇంట్లోనే రెండు రోజులు గడిపివేయవచ్చు. పెద్ద ఆసుపత్రికి చేరడానికి ఒక పూట ప్రయాణం పట్టేచోట ఆ రెండు రోజుల విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

రెండో కారణం మరింత ఆశాజనకమైనది. జీర్ణాశయంలో పుట్టే నెమ్మది రకం లింఫోమా ఒకటున్నది. దాన్ని మాల్ట్ లింఫోమా అంటారు. 1983లో ఐజాక్సన్, రైట్ అనే ఇద్దరు రోగనిర్ధారణ శాస్త్రజ్ఞులు ఈ జాతిని గుర్తించారు. దాదాపు అదే కాలంలో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ జీర్ణాశయపు పూతకు కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని కనుగొన్నారు. అందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఈ రెండు పరిశోధనలూ 1993లో కలుసుకున్నాయి. ఆ సూక్ష్మజీవి ఉన్న ఆరుగురు మాల్ట్ లింఫోమా రోగులకు దాన్ని చంపే మందులు మాత్రమే ఇవ్వగా, ఐదుగురిలో లింఫోమా వెనుకకు తగ్గింది. ఒక క్యాన్సర్ రెండు వారాల యాంటీబయాటిక్ మాత్రలకు లొంగడం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచింది. నేడు ప్రారంభదశలో ఉన్న ఇటువంటి రోగులకు అదే మొదటి చికిత్స. ఎక్కువమందిలో అది ఫలిస్తున్నది. కాని జీర్ణాశయాన్ని చూసి, ముక్క తీసి, సూక్ష్మజీవి కోసం వెదికితేనే గదా ఆ అవకాశం దక్కేది!

చూసే కళ్ళు

జీర్ణాశయం, పెద్దపేగు చూడడానికి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ ఉన్నాయి. జనం ‘గొట్టం వేసి చూడడం’ అనే పరీక్షలివే. వీటి గొప్పతనం చూడడంలోనే కాదు, ముక్క తీయగలగడంలో ఉన్నది. లింఫోమా తరచుగా పైపొర కింద దాగి ఉంటుంది. పైపైన ఒక్క చిన్న ముక్క తీస్తే వాపు అని మాత్రమే నివేదిక రావచ్చు. కనుక పుండు అంచుల నుంచీ, లోతు నుంచీ, మామూలుగా కనిపించే పొర నుంచి కూడా అనేక ముక్కలు తీయాలి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా అనుమానం బలంగా ఉంటే మళ్ళీ తీయాలి.

గొట్టం అందుకోలేని చిన్నపేగు మధ్యభాగం కోసం 2001 నుంచి మింగే కెమెరా బిళ్ల వాడుకలోకి వచ్చింది. అది బొమ్మలు తీస్తుందే గాని ముక్క తీయలేదు. పేగు ఇరుకైనచోట చిక్కుకుపోయే భయం కూడా ఉన్నది. సీటీ స్కాన్ గోడ మందాన్నీ, చుట్టుపక్కల గ్రంథులనూ చూపుతుంది.

పెట్ స్కాన్ శరీరమంతటా చక్కెరను ఎక్కువగా మింగే కణాలను వెలిగించి చూపిస్తుంది. ఉద్ధృతమైన లింఫోమాల విషయంలో అది ఎంతో ఉపయోగకరం. అయితే దానికీ బలహీనతలున్నాయి. ఆరోగ్యకరమైన పేగు కూడా కొంత వెలుగుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఆ వెలుగును మరింత పెంచి, లేని జబ్బు ఉన్నట్లు భ్రమింపజేయగలదు. మాల్ట్ వంటి నెమ్మది లింఫోమాలు ఉన్నా వెలగకపోవచ్చు. క్షయ పుండు కూడా లింఫోమా వలెనే వెలుగుతుంది. అందుచేత వెలుగు కనిపించిన చోట ముక్క తీసి చూడవలసిందే. వెలుగు చూసి వ్యాధి పేరు పెట్టరాదు.

అందరికీ గొట్టం వేయాలా?

ఇక్కడ అతి కూడా పనికిరాదని ఒక పరిశోధన నేర్పింది. మాంటిల్ కణ లింఫోమా అనే రకం పేగులను ఎక్కువగా ఆశ్రయిస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో 60 మంది ఇటువంటి రోగులకు, బాధ ఉన్నా లేకున్నా, గొట్టం వేసి ముక్కలు తీశారు. కంటికి మామూలుగా కనిపించిన పొరలో కూడా వ్యాధి బయటపడింది. మొత్తం మీద 80 శాతానికి పైగా రోగుల పెద్దపేగులో లింఫోమా కణాలు ఉన్నాయి. 2003లో ప్రచురితమైన ఈ ఫలితం చూసి ఇకమీదట అందరికీ ఈ పరీక్ష చేయవలసిందే అనిపిస్తుంది. కాని దానివల్ల చికిత్స మార్చవలసి వచ్చినవారు ఎందరని లెక్కిస్తే, బహు కొద్దిమందే తేలారు.

అందువల్ల వైద్యులు మధ్యేమార్గం అవలంబిస్తున్నారు. కడుపులో బాధ ఉన్నవారికి, కారణం తెలియని రక్తహీనత ఉన్నవారికి, స్కాన్‌లో పేగు గోడ దళసరిగానో వెలుగుతూనో కనిపించినవారికి తప్పక చూస్తారు. వ్యాధి ఒకటి రెండు చోట్లకే పరిమితమని నమ్మి తక్కువ చికిత్స ఇవ్వదలచినప్పుడు, ఆ నమ్మకాన్ని నిర్ధారించుకొనడానికి కూడా చూస్తారు. ఏ బాధా లేని తక్కినవారికి, ఫలితం చికిత్సను మార్చదని తెలిసినప్పుడు, ఆ శ్రమ, ఆ ఖర్చు తప్పిస్తారు.

రైలెక్కక ముందు

ఇప్పుడు మన రోగి దగ్గరకు తిరిగివద్దాం. కోటాకు అట్టే దూరం లేని గనియారి గ్రామంలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో శిక్షణ పొందిన కొందరు వైద్యులు నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి రెండు దశాబ్దాలకు పైగా అడవి పల్లెల ప్రజలకు సేవ చేస్తున్నది. బిలాస్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల, రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉన్నాయి. రాయపూర్‌లో 2012 నుంచి ఎయిమ్స్ ఉన్నది. ముంబైలో 1941 నుంచి టాటా మెమోరియల్ ఆసుపత్రి ఉన్నది. అర్హత ఉన్న పేద కుటుంబాలకు 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం ఆసుపత్రి ఖర్చులో తోడ్పడుతుంది. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి, ఆసుపత్రి ధ్రువపత్రం చూపితే, స్లీపర్ తరగతిలోనూ ఏసీ మూడో తరగతిలోనూ రైల్వేశాఖ పూర్తి రాయితీ ఇస్తుంది. వెంటవచ్చే ఒక సహాయకునికీ రాయితీ ఉన్నది.

దారి ఉన్నది. కాని దారిలో కాలం వృథా కాకుండా ఉండాలంటే మొదటి ఆసుపత్రిలోనే మూడు పనులు సక్రమంగా జరగాలి.

మొదటిది: మెడలోని బిళ్ల నుంచి సూదితో నాలుగు కణాలు లాగి సరిపెట్టక, వీలైనంతవరకు బిళ్లను పూర్తిగా తీసి పరీక్షకు పంపాలి. లింఫోమా ఏ రకమో తేల్చడానికి కణాలు మాత్రమే కాక వాటి అమరిక కూడా కనిపించాలి. తీసిన దాన్ని రెండు సీసాలుగా పంచాలి. ఒక భాగం ఫార్మలిన్‌లో వేస్తే క్యాన్సర్ పరీక్షకు పనికివస్తుంది. ఫార్మలిన్ సూక్ష్మజీవులను చంపుతుంది గనుక, క్షయ పరీక్ష కోసం రెండో భాగాన్ని శుభ్రమైన సెలైన్‌లో వేయాలి. పేగు నుంచి తీసిన ముక్కల విషయంలోనూ ఇదే పద్ధతి. ఒకే రోగిలో రెండు జబ్బులూ ఉండే అవకాశాన్ని కూడా మరువరాదు.

రెండోది: ముక్క తీయకముందు స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వరాదు. వాటితో జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బిళ్ల కూడా కరుగుతుంది. రోగి సంతోషిస్తాడు. కాని తరువాత తీసిన ముక్కలో రోగం జాడ దొరకక, నిజం నెలల తరబడి మరుగునపడుతుంది. క్షయ అని అనుమానించి మందులు మొదలుపెట్టినవారి విషయంలో కూడా గడువు పెట్టుకోవాలి. రెండు నెలలకు జ్వరం, బరువు, గడ్డ పరిమాణం మళ్ళీ చూడాలి. గుణం కనిపించకపోతే అవే మాత్రలు కొనసాగించక, మళ్ళీ ముక్క తీయించాలి.

మూడోది: పరీక్షకు పంపిన ముక్కను మైనపు దిమ్మలో పొదిగి భద్రపరుస్తారు. పెద్ద ఆసుపత్రికి పోయేటప్పుడు నివేదిక కాగితంతోపాటు ఆ మైనపు దిమ్మను, గాజుపలకలను అడిగి తీసుకుపోవాలి. అక్కడి నిపుణులు అదే ముక్క మీద కొత్త పరీక్షలు చేయగలరు. అది ఇంట్లో మరచిపోతే మళ్ళీ ముక్క తీయాలి, లేదా మళ్ళీ రైలెక్కాలి.

లింఫోమా పేరు వినగానే ఆశ వదలుకోనక్కరలేదు. చికిత్సకు బాగా లొంగే క్యాన్సర్లలో ఇది ఒకటి. అనేక రకాలలో పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్నది. పిల్లల పేగుల్లో తరచుగా కనిపించే బర్కిట్ లింఫోమా రోజుల్లో పెరిగే గడ్డ. అయినా తగిన చికిత్స అందితే అత్యధికులు కోలుకుంటున్నారు. ఆ చికిత్సలో ప్రధానమైన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన అమెరికన్ పరిశోధనాలయం నుంచి 1940లలో వెలువడిన మందు.

మందులు ఎదురుచూస్తున్నాయి. వాటి దాకా రోగిని సురక్షితంగా చేర్చవలసినవాడు మొదటి వైద్యుడు. మలం రంగేమిటని అతడు అడిగే ప్రశ్న, సిగ్గుపడక రోగి చెప్పే జవాబు, రెండు చిన్న సీసాలు - కర్గీ రోడ్‌లో రైలు కదలడానికి ముందే వీటన్నిటినీ సమకూర్చుకోవచ్చు.